రాయలసీమ నీటిదారుల చరిత్ర

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున వెలువడు సంచికకు చరిత్ర విషయమొకటి వ్రాయవలసినదని కార్యవర్గమువారు నన్ను కోరిరి. రాజుల జయాపజయములను గూర్చి వ్రాయువారు పెక్కురు గలరు. నిత్యము చూచుచుండియు మనము అంతగా పట్టించుకొనని చెరువుకట్టను, కాలువగట్టును, రైలుకట్టను గూర్చి నాలుగు మాటలు వ్రాయుట మేలని నాకు తోచినది. ఒక సీమ ఎట్లు వృద్ధికి వచ్చినదో, ఎట్లు వెనుకబడినదో తెలిసికొనగోరువానికి కోటగోడలకంటె ఈ కట్టలే ఎక్కువ సంగతులు చెప్పగలవు.

రాయలసీమ అనగానే కరువు అను మాట నోటికి వచ్చుట లోకమునకు అలవాటైనది. “ఇది దైవమిచ్చిన పేదరికము, మానవుడేమి చేయగలడు?” అని నిట్టూర్చువారు మన పల్లెలలోను గలరు. ఈ మాటలో సగమే సత్యము. వాన తక్కువగుట దైవాధీనము. పడిన వానను నిలుపుట, పారు నదిని మళ్ళించుట, మళ్ళించిన నీటిని కడపటి మడివరకు చేర్చుట, కట్టినదానిని చెడిపోకుండ కాచుకొనుట మానవాధీనములు. ఈ నాలుగు పనులు చక్కగ జరిగిన కాలములును ఈ సీమ చరిత్రలో గలవు, జరుగని కాలములును గలవు. ఆ భేదమును చూపుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

నేల, వాన

ముందుగ మన నేల ఉనికిని తెలిసికొందము. నైరుతి ఋతుపవనము అరేబియా సముద్రమునుండి తెచ్చు మేఘములు పడమటి కనుమలయందే తమ భారమును చాలవరకు దించుకొనును. ఈశాన్య ఋతుపవనపు వానలు తూర్పుతీరమున కురిసి, లోపలికి వచ్చుకొలది సన్నగిల్లును. ఈ రెండింటి నడుమ చిక్కిన నేల మనది. అనంతపురము ప్రాంతమున ఏడాదికి సగటున కురియు వాన ఇంచుమించు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదియు ఒక్కొక్క యేడు నాలుగు దినములలో కురిసి, మిగిలిన దినములెల్ల ఎండగట్టును.

రెండవ సంగతి ఎత్తుపల్లములకు సంబంధించినది. గోదావరి, కృష్ణా డెల్టాలలో నేల సముద్రమువైపు మెల్లగ వాలియున్నది. నదికి అడ్డముగ ఒక ఆనకట్ట కట్టి నీటిమట్టమును కొంచెము పెంచినచో నీరు తనంతట తానే పొలములకు పారును. మన సీమలో చాలచోట్ల నది పల్లమునను, నేల మిట్టనునున్నవి. కృష్ణానది నల్లమల కొండల నడుమ లోతైన లోయలో సాగిపోవుచున్నది. శ్రీశైల జలాశయము నిండినప్పటి నీటిమట్టము సముద్రమట్టమునకు 885 అడుగులు. అనంతపురము పట్టణము సుమారు 1,100 అడుగుల ఎత్తుననున్నది. కనుక ఆ నీరు అనంతపురమునకు రావలెనన్న యంత్రములతో ఎత్తిపోయవలెను. తుంగభద్రా జలాశయమన్ననో 1,633 అడుగుల మట్టముననున్నది. కాలువ త్రవ్విన చాలును, దాని నీరు దానంతట అదియే మనవైపు దిగివచ్చును. ఈ మూడంకెలను పాఠకులు జ్ఞప్తియందుంచుకొనిన తరువాతి కథ సులభముగ బోధపడును.

పోరుమామిళ్ళ శాసనము

నదులు పల్లమున పారుచుండగ మన పూర్వులు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. కొండలనుండి దిగు వంకలకు, వాగులకు అడ్డకట్టలు వేసి చెరువులు నిర్మించిరి. ఒక చెరువు నిండి మరవ పారినచో ఆ నీరు దిగువ చెరువునకు చేరునట్లు గొలుసుకట్టుగ అమర్చిరి. ఇందు తలమానికమనదగినది కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువు. విజయనగర ప్రభువగు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దీనిని 1369లో కట్టించెను. దినమునకు వేయిమంది కూలీలును, నూరు బండ్లును పనిచేయగ ఈ చెరువు రెండేండ్లకు పూర్తియైనదని అచ్చటి శాసనము తెలుపుచున్నది. నేటికి ఆరువందల యేబది యేండ్లు దాటినను అది నీరు నిలుపుచున్నది.

ఆ శాసనమునకు వేరొక విశేషము గలదు. చెరువునకు కావలసిన అంగములు పండ్రెండనియు, కలుగకూడని దోషములు ఆరనియు అది లెక్కించి చెప్పినది. ధర్మపరుడును సంపన్నుడును అగు ప్రభువు, నీటిశాస్త్రమెరిగిన విద్వాంసుడు, గట్టి బంకనేల, తీయని నీటి యేరు, నిడుపాటి రాళ్ళు దొరకు గని, నేర్పరులగు పనివాండ్రు మున్నగునవి అంగములు. దోషములన్ననో ఇవి: కట్టనుండి నీరు ఊరుట, చవుడు నేల యగుట, రెండు రాజ్యముల పొలిమేరయందుండుట, చెరువు నడుమ మిట్ట యుండుట, నీరు స్వల్పమై సాగుభూమి విస్తారమగుట, భూమి స్వల్పమై నీరు విస్తారమగుట.

పాఠకులారా, ఈ యారు దోషములలో మూడింటిని ప్రత్యేకముగ గమనింపుడు. పొలిమేర తగవు, నీటికి మించిన భూమి, భూమికి మించిన నీరు. ఇవి కేవలము మట్టికిని రాతికిని చెందిన దోషములు గావు. ఏర్పాటునకును, పాలనకును చెందిన దోషములు. పదునాల్గవ శతాబ్దిలో ఒక పల్లె చెరువు గట్టున చెక్కిన ఈ మాటలు తరువాతి కాలపు మహానిర్మాణములకు సైతము ఎట్లు వర్తించినవో ముందు చూతము.

కట్టుటతోడనే పని ముగియలేదు. చెరువు కట్టించి దానిని బాగుచేయుచుండు వానికి దశబంధమను పేర మాన్యమిచ్చెడివారు. తూము తెరచుటకు, మూయుటకు, ప్రతి మడికిని వంతు చొప్పున నీరు కట్టుటకు నీరుగంటి యుండెడివాడు. వేసవిలో ఊరివారందరు కూడి పూడిక తీసి, గండ్లు పూడ్చు కుడిమరామతు ఆచారముండెను. ఈ మువ్వురు నిలిచినంతకాలము చెరువు నిలిచినది.

దత్తమండలములు

1800వ సంవత్సరమున నిజాము ప్రభువు కడప, బళ్ళారి, అనంతపురము ప్రాంతములను ఇంగ్లీషు కుంపిణీవారికి ధారాదత్తము చేసెను. నాటినుండి వీనికి దత్తమండలములను పేరు వచ్చెను. కర్నూలు మాత్రము నవాబు చేతిలో 1839 వరకు నిలిచెను. దత్తమను ఆ పేరు మనవారికి రుచింపక, 1928లో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావుగారు సూచింపగ, రాయలసీమ యను పేరు వాడుకలోనికి వచ్చినది.

దత్తమండలములకు మొదటి ప్రధాన కలెక్టరుగ వచ్చిన థామస్ మన్రో 1800 మొదలు 1807 వరకు ఊరూర తిరిగి భూములను కొలిపించెను. శిస్తు హెచ్చుగనున్నదని అతడే గ్రహించి, నాలుగవవంతు తగ్గింపవలెనని 1807లో పై యధికారులకు వ్రాసెను. అతని మాట వెంటనే చెల్లలేదు. అతడే మద్రాసు గవర్నరైన పిదప 1820లో గాని తగ్గింపు అమలునకు రాలేదు. కరువునేలమీద పదమూడేండ్ల అధిక శిస్తు అనగ ఎన్ని యెడ్లు, ఎన్ని నాగళ్ళు అమ్ముడుపోయి యుండునో ఊహించుకొనవచ్చును. శిస్తు కట్టుటకే చాలని రైతు చెరువు పూడిక తీయునా? క్రమముగ పాత ఏర్పాటులు సడలినవి. శిస్తు వచ్చునంతకాలము చెరువు ప్రభుత్వముది, గండి పడినపుడు ఊరివారిది అను స్థితి ఏర్పడినది.

ఇదే కాలమున కోస్తా డెల్టాలు కూడ సుఖముగ లేవు. 1833 నాటి నందన కరువున గుంటూరు సీమలో జనులు లెక్కకు మిక్కిలిగ చనిపోయిరి. గోదావరి సీమ సైతము క్షామములతో, వరదలతో శిథిలమై యుండెను. సర్ ఆర్థర్ కాటన్ పట్టుదలచే ధవళేశ్వరము ఆనకట్ట 1847లో ఆరంభమై 1852లో పూర్తియైనది. బెజవాడయొద్ద కృష్ణ ఆనకట్ట 1852 మొదలు 1855 లోపల కట్టబడినది. ఒక తరము గడచునప్పటికి ఆ నేలలు అన్నపూర్ణలైనవి. పడవలు సాగు కాలువలు ధాన్యమును మాత్రమేకాక విద్యను గూడ మోసినవి. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా డెల్టా కాలువలమీద పడవలో గ్రంథాలయమును నడిపిరి. గ్రంథాలయాభిమానులమగు మనము ఈ సంగతిని మరువరాదు. నిర్లక్ష్యమునకు గురియైన సీమ ఎన్నటికిని అట్లే యుండవలెనను నియమము లేదనుటకు ఆ డెల్టాలే తార్కాణము.

కర్నూలు–కడప కాలువ

కాటన్ దృష్టి మన సీమమీద పడకపోలేదు. తుంగభద్రనుండి కాలువలు త్రవ్వి పైరులకు నీరును, పడవలకు దారియు కల్పింపవలెనని ఆయన సంకల్పించెను. ఆ పనికై మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ యను సంస్థ 1858లో ఏర్పడినది. దాని పది లక్షల పౌండ్ల మూలధనముమీద నూటికి అయిదు వంతున వడ్డీకి ప్రభుత్వము హామీయిచ్చెను. అనగా కాలువ పారినను, పారకున్నను, వాటాదారుల వడ్డీ మాత్రము ఈ దేశపు ఖజానానుండి ముట్టును. ఇట్టి హామీ పొందినవారికి పొదుపుమీదను, రైతు సౌకర్యముమీదను శ్రద్ధ యుండుట కష్టము.

కర్నూలునకు ఎగువ సుంకేసులయొద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టిరి. కర్నూలు పట్టణమున హంద్రీనదిమీద వంతెనవంటి కట్టడము నిర్మించి కాలువను దాటించిరి. తుంగభద్రవైపు పారు నేలను, పెన్నవైపు పారు నేలను వేరుపరచు మిట్టను రాయి కోసి, కడపవరకు సుమారు 190 మైళ్ళు కాలువను తెచ్చిరి. ఇంజనీర్ల సామర్థ్యమును మెచ్చుకొనవలసినదే. అయినను కంపెనీ నష్టపడినది. 1882లో ప్రభుత్వము ఆ కాలువను కొనివేసినది.

ఎందువలన? నంద్యాల లోయలోని నల్లరేగడి తేమను చాలదినములు నిలుపుకొనును. వాన సరిగ కురిసిన యేట అక్కడి రైతు జొన్నయు, ప్రత్తియు మెట్టపైరుగనే పండించుకొనగలడు. అట్టి నేలకు వరిమడివలె నీరు పెట్టిన మేలుకంటె కీడే హెచ్చు. నీటితీరువ చెల్లించి మడికట్లు వేయుటకు పెట్టుబడి కావలెను. పిల్లకాలువలు సకాలమున ఏర్పడలేదు. కరువు వచ్చిన యేట నీరు కోరువారు పెరిగిరి, వాన వచ్చిన యేట తగ్గిరి. కాలువ త్రవ్వించినవారు నదిని చూచిరి, మట్టము చూచిరి, వడ్డీని లెక్కించిరి. రైతును మాత్రము అడుగరైరి. శాసనము చెప్పిన దోషములలో కడపటిది, నీరు విస్తారమై దానిని గైకొను భూమి స్వల్పమగుట, ఇక్కడ ప్రత్యక్షమైనది.

అయినను ఆ కాలువ వ్యర్థము కాలేదు. పడవల రాకపోకలు కాలక్రమమున నిలిచిపోయినవి గాని, రైతులు ఏ నేలకు ఎంత నీరు కావలెనో తెలిసికొనిన కొలది సేద్యము పెరిగినది. నేడు కర్నూలు, నంద్యాల, కడప ప్రాంతములకు కె.సి. కెనాలు ప్రాణాధారము. కృష్ణా జలముల వివాదపరిష్కార సంఘము, అనగా బచావత్ ట్రిబ్యునల్, దీనికి 39.9 టీఎంసీల నీటిని గుర్తించినది. ఒక టీఎంసీ అనగ వందకోట్ల ఘనపుటడుగులు. తొలినాళ్ళలో గిరాకి లేని నీటికొరకు నేడు ఆయకట్టువారు ఎదురుచూచుచున్నారు.

రైలుదారి, ధాత కరువు

మద్రాసునుండి కడప, గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగ రాయచూరునకు పోవు రైలుదారి 1871 నాటికి పూర్తియైనది. కాలువలు కావలెనా, రైళ్ళు కావలెనా యను వాదము ఆ కాలమున గొప్పగ జరిగినది. కాటన్ కాలువల పక్షము వహించి 1878లో ఇంగ్లండు పార్లమెంటు ఉపసంఘము ఎదుట సాక్ష్యమిచ్చెను. ఆ వాదమునకు భయంకరమైన పరీక్ష అంతకుముందే జరిగినది. అదియే 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును దహించిన ధాత కరువు.

రైలు ఉన్నది, నిజమే. ఓడలలో మద్రాసునకు దిగిన బియ్యము రైళ్ళమీద లోపలికి వచ్చినది. కాని పంట పోయిన రైతుకూలీచేత దానిని కొనుటకు రొక్కము లేదు. మేత లేక ఎద్దులు చనిపోవుటచే స్టేషనునుండి పల్లెకు ధాన్యము తోలుటకు బండ్లు లేవు. ధాన్యపు బస్తాలు రైలుస్టేషనులలో గుట్టలు పడియున్న కాలముననే దూరపు పల్లెలలో జనులు ఆకలితో కూలిరి. కరువుపనులలో రాళ్ళు కొట్టు పురుషునకు దినమునకు ఒక పౌను, అనగ సుమారు 450 గ్రాముల ధాన్యమును, దానిపై ఒక అణాయు చాలునని 1877లో సర్ రిచర్డు టెంపుల్ నిర్ణయించెను. మద్రాసు రాజధానిలో లక్షలకొలది జనులు మరణించిరి. అంతకు పదేండ్లముందు 1866 కరువున ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు తమ యింట అన్నము పెట్టి వేలమందిని బ్రతికించిన కథను ఈ సీమ నేటికిని పాటలుగ పాడుకొనుచున్నది. దాత యొకడు వేలమందిని కాపాడగలడు. లక్షలమందిని కాపాడుటకు ఏర్పాటు కావలెను.

1880 నాటి కరువు కమిషను కరువునుండి రక్షించు నిర్మాణములు కావలెనని చెప్పినది. గుంతకల్లునుండి నంద్యాల మీదుగ నల్లమలను దాటి బెజవాడకు పోవు రైలుదారి ఆ దశాబ్దిలో రూపొందినది. డెల్టాలో పండిన ధాన్యము కరువుసీమకు చేరుటకు అది దారియైనది. మంచిదే. కాని ఇందలి మర్మమును గమనింపుడు. మన సీమకు నీరు రాలేదు, వేరొకచోట నీటితో పండిన ధాన్యము వచ్చినది. మనము పండించువారముగ గాక కొనువారముగ నిలిచితిమి. రైలువలన ఆదోని ప్రత్తి వ్యాపారము పెరిగినది. బుడ్డలని కొందరును, శెనక్కాయలని కొందరును పిలుచు వేరుసెనగ సీమయంతట వ్యాపించినది. అయినను ఒకే పంటను నమ్ముకొనిన మెట్టరైతు వానకును, బజారు ధరకును సమముగ బానిసయైనాడు.

శ్రీబాగు ఒడంబడిక, తుంగభద్ర

ఆంధ్రరాష్ట్రము కావలెనను ఉద్యమము పెరిగిన దినములలో రాయలసీమ నాయకులకు సందేహము కలిగినది. ధనధాన్యములందును, విద్యయందును ముందున్న కోస్తావారితో కలిసినచో మన గతి యేమి? ఈ సందేహమును తీర్చుటకై 1937 నవంబరు 16వ తేదీన మద్రాసులో దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి గృహమగు శ్రీబాగులో ఇరుప్రాంతముల పెద్దలు ఒక ఒడంబడిక చేసికొనిరి. తుంగభద్ర, కృష్ణ, పెన్న నదుల నీటి వినియోగములో పదేండ్లు లేక అవసరమైనంతకాలము రాయలసీమ, నెల్లూరు ప్రాంతములకు మొదటి ప్రాముఖ్యమీయవలెనని అందొక ముఖ్యాంశము. అనంతపురమున విశ్వవిద్యాలయ కేంద్రము, రాజధాని లేక హైకోర్టు సీమలో ఉండుట మున్నగునవి తక్కినవి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమేర్పడి కర్నూలు రాజధాని యైనది. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరణతో రాజధాని హైదరాబాదునకు తరలినది. నీటి మాట మాత్రము పెక్కేండ్లు కాగితముమీదనే నిలిచినది.

తుంగభద్రమీద పెద్ద జలాశయము కట్టవలెనను ఆలోచన కాటన్ నాటిది. నది మద్రాసు, హైదరాబాదు, మైసూరు అను మూడు ప్రభుత్వములకు సంబంధించినదగుటచే తగవులతో ఎనుబది యేండ్లు గడచినవి. రెండు రాజ్యముల పొలిమేరయను దోషము ఇట్లు ఫలించినది. కడకు 1944లో మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వములు సమాధానపడగ, 1945 ఫిబ్రవరి 28వ తేదీన నదికి ఈవల మద్రాసువారును, ఆవల హైదరాబాదువారును శంకుస్థాపన చేసిరి. సిమెంటునకు బదులు సున్నము, సుర్కీ కలిపిన గచ్చుతో రాతికట్టడముగ లేచిన ఆ డ్యాము 1953లో నీరు నిలిపినది. దాని నిలువ అప్పుడు సుమారు 133 టీఎంసీలు.

ఎగువ కాలువ అనంతపురము ప్రాంతమునకును, దిగువ కాలువ ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతమునకును నీరు తెచ్చినవి. కాని 1953లో రాష్ట్రము విడిపోయినపుడు డ్యాము మైసూరువైపు, అనగ నేటి కర్ణాటకవైపు ఉండిపోయినది. మనము కాలువల తుదనున్న వారమైతిమి. ట్రిబ్యునల్ లెక్కలో ఎగువ కాలువక్రింద ఆంధ్రకు 32.5, దిగువ కాలువక్రింద 29.5 టీఎంసీలున్నను, పలు సంవత్సరములలో ఆ వంతు పూర్తిగ చేరలేదు. పైగా పూడికవలన జలాశయపు నిలువ తరిగి సుమారు 105 టీఎంసీలకు దిగినది. పోరుమామిళ్ళలో వేసవినాడు గంపలతో తీసిన పూడిక ఇక్కడ తీయువారెవ్వరు?

శ్రీశైలము, ఆ పిదప

కృష్ణకు శ్రీశైలమున కట్టిన డ్యాము మొదట విద్యుత్తుకొరకు సంకల్పింపబడినది. 1960 దశకమున మొదలైన నిర్మాణము 1980 దశకారంభమున ముగిసినది. కర్నూలు, మహబూబ్‌నగరు జిల్లాలలో సుమారు నూరు పల్లెలు నీట మునిగినవి. పల్లమునందలి మంచి భూములు, గుడులు, శ్మశానములు, బావులు అన్నియు పోయినవి. తమ ఊరు మునిగిన నీరు కన్నులయెదుటనే ఉండగ, ఆ నీటిలో వంతు లేక మిట్టలకు చేరిన కుటుంబములనేకములు. ఇతరుల వృద్ధికొరకు తమ యూరిని వదలినవారిని మొదటగ తలపవలెనని నా మనవి.

మద్రాసు నగరమునకు త్రాగునీరీయవలెనని 1983లో కుదిరిన ఒప్పందముతో తెలుగు గంగ మొదలైనది. ఆ కాలువ దారిలో కర్నూలు, కడప, నెల్లూరు, చిత్తూరు ప్రాంతముల పొలములకు కూడ నీరీయవలెనని నిశ్చయమైనది. 1996లో ఆ నీరు పూండి జలాశయమును చేరినది. పోతిరెడ్డిపాడు తూములనుండి మొదట 11,150 క్యూసెక్కులు తీసికొను ఏర్పాటుండగ, 2005 తరువాత దానిని 44,000 క్యూసెక్కులకు పెంచు పని జరిగినది. ఈ విషయమై తెలంగాణమువారికి అభ్యంతరములు గలవు. నదికి ఆవలి ఒడ్డున పాలమూరు కూడ మనవలె వలసపోయిన సీమయే యని మనము మరువరాదు. 2014లో రాష్ట్రము రెండైనందున శాసనపు పొలిమేర దోషము శ్రీశైలమునకును అంటినది. ఇరువురు పేదరైతులు ఒకే కుండకొరకు పోట్లాడకుండ లెక్క తేల్చుట పాలకుల ధర్మము.

హంద్రీ–నీవా పథకము శ్రీశైల జలములను పలుమెట్లుగ ఎత్తిపోసి, 2012లో అనంతపురము ప్రాంతమందలి జీడిపల్లి జలాశయమునకు చేర్చినది. పల్లపు నీరు మిట్టకెక్కినది. కాని మెట్టమెట్టునకు విద్యుత్తు కావలెను. చేరవలసిన నేలయో బహువిస్తారము. నీరు స్వల్పము, భూమి విస్తారము అను దోషము ఇక్కడ పొంచియున్నది. అందుచేతనే బిందుసేద్యమునకును, పండ్లతోటలకును మన రైతులు మరలిరి. 2020 సెప్టెంబరులో అనంతపురమునుండి ఢిల్లీకి పండ్లతో రైలు సాగినది. పెనుకొండ చెంత 2019లో కియా కార్ల కర్మాగారము ఉత్పత్తి నారంభించినది. దానికి నీరు గొల్లపల్లి జలాశయమునుండి వచ్చుచున్నది. నీటిదారి, రైలుదారి, రహదారి ఒకచోట కలిసిననే పరిశ్రమ నిలుచునని దీనివలన తెలియుచున్నది. ఇవి సంతోషింపదగిన సంగతులు. ఐతే ఇదే సీమలో నంద్యాల–ఎర్రగుంట్ల నడుమ 123 కిలోమీటర్ల రైలుదారి 1996లో ఆరంభమై 2016లో గాని ముగియలేదు. అప్పుడు ఎదురుచూడ మొదలిడిన యువకుడు నడివయస్సువాడైన పిదప రైలెక్కినాడు.

ఒక గొలుసు తెగిన రాత్రి

2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్రా డ్యాము ముప్పదిమూడు గేట్లలో పందొమ్మిదవది గొలుసు తెగి కొట్టుకొనిపోయినది. నిండియున్న జలాశయమునుండి నీరు వృథాగ దిగువకు దూకినది. వారము దినములలోపల ఇంజనీర్లును పనివాండ్రును పారునీటి నడుమనే తాత్కాలికముగ ఉక్కుపలకలు దించి అడ్డుకట్టిరి. వారి సాహసము కొనియాడదగినది. కాని డెబ్బదియేండ్లు నీటిలో నిలిచిన గొలుసు తెగుట దైవమును నిందింపవలసిన విషయమా? శంకుస్థాపనకు ప్రభువులు వచ్చెదరు, శిలాఫలకముమీద పేర్లు చెక్కెదరు. గొలుసునకు చమురు పెట్టిన దినము మాత్రము ఏ ఫలకముమీదను ఉండదు.

ఈ చరిత్రనుండి నేను గ్రహించినది ఇంతే. వెనుకబడిన సీమకు పెద్దపని కావలెను, సందేహము లేదు. కాని పని గొప్పది యగుట చాలదు. ఎవరికొరకో వారిని అడిగి కట్టవలెను. కడపటి మడివరకు చేరవలెను. కాచువాడొకడు నిత్యము ఉండవలెను. మొదటిది తప్పి కె.సి. కెనాలు కంపెనీ మునిగినది. రెండవది తప్పి ధాత కరువున రైలుండియు జనులు చనిపోయిరి. మూడవది తప్పి గొలుసు తెగినది. మూడును కుదిరినచో ఆరువందల యేండ్ల నాటి చెరువు నేటికిని నిండుచున్నది.

మన గ్రంథాలయ సభ్యులకు ఒక విన్నపము చేసి ముగింతును. రాయలసీమ విడ్డ గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయోద్యమమునకును, వయోజన విద్యకును తమ జీవితమును ధారవోసిరి. గ్రంథాలయమనగ పుస్తకముల కొట్టు మాత్రమే కాదని వారివంటి పెద్దల ఆశయము. మన గ్రంథాలయములో ఒక క్రొత్త పుస్తకమును నేడే ఆరంభింతము. ఈ యేడు ఎన్ని దినములు వాన పడినది, చెరువు ఎంతవరకు నిండినది, మరవ పారినదా లేదా, కాలువ నీరు ఏ తేదీన వచ్చినది, కడపటి మడికి ఎన్నవ దినమున చేరినది, తూమునకు మరమ్మతు ఎప్పుడు జరిగినది, వంక నెవరైన ఆక్రమించినారా యను విషయములను తేదీలతో వ్రాసి యుంచుదము. పెద్దలు తమకు జ్ఞాపకమున్న కరువులను, వరదలను చెప్పుదురుగాక, చదువుకొనిన పిల్లలు వ్రాయుదురుగాక. రేపు అధికారి యెదుట నిలుచునపుడు “మాకు నీరు రాలేదు” అను మాటకంటె “ఫలానా యేట ఫలానా తేదీవరకు రాలేదు” అను వ్రాతకు బలమెక్కువ.

భాస్కరుడు తన చెరువు గుణదోషములను రాతిమీద చెక్కించెను గనుకనే నేడు మనము చదువుకొనగలిగితిమి. మన చెరువు సంగతులను కాగితముమీదనైన నిలుపుట మన వంతు. ఇంకొక ఇరువదియైదేండ్లకు ఈ గ్రంథాలయమునకు స్వర్ణోత్సవము జరుగునపుడు ఆ పుస్తకమును విప్పి చదువువారు మనలను తలచుకొందురుగాక. మన చెరువు నిండి, మన గ్రంథాలయము వర్ధిల్లుగాక.